చార్మినార్ దాటి నాలుగడుగులు

హైదరాబాద్ పాతబస్తీకి కొత్తగా వచ్చినవాళ్లు చార్మినార్ ఎదుట ఫొటో దిగుతారు, లాడ్ బజార్‌లో గాజులు బేరమాడతారు, తిరుగు బస్సెక్కుతారు. కట్టడం చూసినట్టే. చౌక్ మాత్రం చూడనట్టే.

చార్మినార్ నుంచి ఉత్తరాన పత్తర్‌గట్టీ వైపు నడిస్తే ముందొక పెద్ద కమాను వస్తుంది. అది దాటాక రోడ్డు నడుమ ఫౌంటెన్. అదే గుల్జార్ హౌజ్. అక్కడ ఆగి చుట్టూ చూస్తే నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు: దక్షిణాన చార్మినార్ కమాన్, ఉత్తరాన మచిలీ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమట షేర్-ఎ-బాతిల్ కమాన్.

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో చార్మినార్ కట్టించాడు. ఆ వెంటనే ఈ కమాన్లూ లేచాయి. నగరానికి రూపురేఖలు దిద్దింది ఆయన పేష్వా (ప్రధానమంత్రి), ఇరాన్ నుంచి వచ్చిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ. కమాన్ల నడుమ స్థలమే ఈ చౌక్; దాన్ని అప్పట్లో జిలూఖానా అనేవారు. రాజుగారి ముంగిట బలగాలు బారులు తీరే మైదానం అది. తూర్పు కమాను దగ్గర షాహీ నౌబత్, అంటే రాజనగారా, మోగేది. పడమటి కమాను రాజమహళ్లకు దారి.

మీర్ మోమిన్ వదిలి వచ్చిన ఆ ఇరాన్‌లో, రాజు షా అబ్బాస్ తన రాజధానిని ఇస్ఫహాన్‌కు మార్చింది 1598లో. లోకమంతా మెచ్చుకునే అక్కడి నక్ష్-ఎ-జహాన్ మైదానం ఆ తర్వాతిదే. మన చౌక్ దానికంటే ముందుది!

చౌక్‌ను చూడటం ఒక విద్య అని ఈ కాలమిస్టు నమ్మకం. కట్టడం దూరం నుంచే కనిపిస్తుంది. చౌక్ అలా కాదు, అది ఖాళీ జాగా. నట్టనడుమ నిలబడి, ఒక్కో ద్వారం ఎక్కడికి తీసుకెళ్లేదో అడిగితేనే దాని లెక్క తెలుస్తుంది. గుల్జార్ హౌజ్ దగ్గర ఈ ప్రశ్నకు గట్టి జవాబిచ్చేది పడమటి కమానే. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేత చిక్కాక కుతుబ్‌షాహీ మహళ్లు శిథిలమై కనుమరుగయ్యాయి. ఇల్లు పోయింది, వాకిలి మిగిలింది.

ఇప్పుడు హౌజ్ చుట్టూ నగల కొట్లు, తోపుడుబళ్లు, హారన్ ఆపని ఆటోలు. కమాన్లను ఆనుకుని దుకాణాలు, బోర్డులు, కరెంటు తీగలు. నాలుగు వందల ఏళ్ల పైబడిన రాతి పనిని ఇంత ఇరుకులో పెట్టడం అన్యాయం. అయినా బజారు సందడి చౌక్‌కు కొత్త కాదు. దాన్ని ఇన్నాళ్లు బతికించిందీ ఆ సందడే. కావలసింది కమాన్లకు కాస్త ఊపిరాడే చోటు.

వెళ్లేవాళ్లు దుకాణాలు తెరవకముందే, పొద్దున్నే వెళ్లండి. నాలుగు కమాన్ల కిందుగానూ నడవండి. పడమటిదాన్ని మాత్రం వదలకండి.