ఇల్లు చేతులు మారే వరస

పలాసలో ఇల్లు అమ్మదలచినవారు మధ్యవర్తిని పిలిస్తే, పని తెలిసిన మనిషి ముందుగా ఇల్లు చూడడు. ఎంతకిస్తారనీ అడగడు. "కాయితాలు ఎవరి పేరునున్నాయి బాబూ? ఆడపిల్లలెంతమంది?" అంటాడు. ఈ రెండింటికీ జవాబు వచ్చేదాకా మూడో ప్రశ్న ఉండదు. ఎందుకలా అన్నది తెలియాలంటే ఒక అమ్మకాన్ని భాగాలుగా విడదీసి చూడాలి.

ఇక్కడ మామూలుగా ఎదురయ్యే ఇల్లొకటి అనుకుందాం. కాశీబుగ్గ వైపు ఐదు సెంట్ల స్థలం, అంటే 242 చదరపు గజాలు. అందులో శ్లాబు ఇల్లు. స్థలం కొని కట్టించిన పెద్దాయన కాలం చేశారు. భార్య ఉన్నారు. పెద్దకొడుకు దుబాయిలో, చిన్నకొడుకు విశాఖలో, కూతురు టెక్కలిలో. ఉద్దానం నుంచి వలస ఏనాటిదో కాబట్టి ఇలా చెల్లాచెదురైన కుటుంబం ఈ వైపు కొత్త కాదు. అమ్మడం అందరికీ ఇష్టమే. అయినా ఆ ఇల్లు ఈ క్షణాన అమ్మకానికి సిద్ధంగా లేదు. దాన్ని సిద్ధం చేయడమే మధ్యవర్తి పనిలో మొదటి సగం, బయటివారికి కనిపించని సగం.

ఆ పని దస్తావేజులతో మొదలవుతుంది. పెద్దాయన పేరున ఉన్న క్రయ దస్తావేజు ఒక్కటే చాలదు. ఆయనకు అమ్మినవారికి ఆ స్థలం ఎలా వచ్చింది, వారికి ఇచ్చినవారికి ఎలా వచ్చింది అన్న వరస అంతా కావాలి. వీటినే లింకు డాక్యుమెంట్లు అంటారు. ఈ ప్రాంతంలో వాటిని చదవడం ఒక ప్రత్యేకమైన నేర్పు. తాతల నాటి పత్రం 1936కు ముందుదైతే అందులో గంజాం జిల్లా అని ఉంటుంది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా విడిపోయాక రాసినదైతే విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15 తర్వాతిదైతే శ్రీకాకుళం జిల్లా. 1985కు ముందు తాలూకా, ఆ తర్వాత మండలం. పలాస, కాశీబుగ్గ కలిసి మున్సిపాలిటీ అయ్యాక పంచాయతీ నాటి ఇంటి నంబర్లూ మారాయి. కదలని స్థలానికి ఇన్ని చిరునామాలు. విశాఖలోనో హైదరాబాదులోనో కూర్చున్న బ్యాంకు లాయరు ఇవి వేర్వేరు ఆస్తులేమోనని అనుమానపడతాడు. ఏ పేరు ఎప్పుడు ఎందుకు మారిందో ఒక కాగితం మీద వరసగా రాసి, పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఉన్న పన్ను రసీదు జతచేసి ఇస్తే ఆ అనుమానం పుట్టకముందే తీరిపోతుంది.

తర్వాత హద్దులు. పాత దస్తావేజులో నాలుగు దిక్కులా మనుషుల పేర్లుంటాయి: తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర ఫలానావారి పెరడు. ఉద్దానం పల్లెల్లో గోడకు గోడ కలిసిన వరస ఇళ్లలో ఇది మరీ సున్నితం. ఒకే గోడ ఇద్దరిది. అది ఉమ్మడి గోడా, సొంత గోడా అన్నది పత్రంలో ఒక్క మాటే, కానీ రేపు మేడ లేపాలంటే ఆ మాటే దిక్కు. హద్దు మనుషుల్లో కొందరు పోయి ఉంటారు, కొందరు అమ్ముకుని వెళ్లిపోయి ఉంటారు. మధ్యవర్తి టేపు పట్టుకుని కొలిచి, ఇరుగుపొరుగుతో మాట్లాడి, ఆనాటి పేరుకు ఈనాటి పేరు జోడిస్తాడు. కొలతకూ హద్దుకూ తేడా వస్తే సాధారణంగా హద్దుకే బలం ఎక్కువ. అందుకే అతను గజాలు లెక్కపెట్టడం కంటే పక్కింటివారితో మాట్లాడటానికే ఎక్కువసేపు కేటాయిస్తాడు.

మూడోది ఈసీ. ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలన్నీ తేదీల వారీగా చూపే ధ్రువపత్రం ఇది. 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ శాఖలో 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. 1983 నుంచి వివరాలు వాటిలో దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే పాత పుస్తకాలు వెతికించుకోవాలి. మంచి మధ్యవర్తి ఈసీలో ఉన్నదాన్ని ఎంత శ్రద్ధగా చూస్తాడో, లేనిదాన్నీ అంతే శ్రద్ధగా తలచుకుంటాడు. నోటిమాట పంపకం ఈసీలో కనపడదు. రిజిస్టరు చేయని అగ్రిమెంటు కనపడదు. ఇంటి పన్ను బకాయి కనపడదు. ఇవి వీధిలో అడిగి తెలుసుకోవలసినవి. ఇక కనపడేవాటిలో తరచు చిక్కు తెచ్చేది తనఖా. పెద్దాయన ఎప్పుడో తీసుకున్న ఇంటి రుణం తీరిపోయి ఉంటుంది, బ్యాంకు కాగితాలు తిరిగి ఇచ్చేసి కూడా ఉంటుంది. కానీ తనఖా రద్దు పత్రం రిజిస్టరు కాలేదు. డబ్బు కట్టినా ఈసీలో అప్పు బతికే ఉంది. దాన్ని కొనేవారి లాయరు పట్టుకోకముందే ఇతను పట్టుకుని, ముందు ఆ పని పూర్తి చేయిస్తాడు.

ఇప్పుడు ఆడపిల్లల ప్రశ్న. ఆస్తి పెద్దాయన స్వార్జితం, వీలునామా లేదు. అలాంటప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, ఇద్దరు కొడుకులకు, కూతురికి సమాన వాటా. అదే పిత్రార్జితమైతే లెక్క వేరు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ పెళ్లి షరతు లేకుండా కూతుళ్లందరికీ ఇచ్చింది. ఇంకో సూక్ష్మం ఉంది. పెద్దాయన పోయేనాటికి ఆయన తల్లి బతికి ఉంటే ఆవిడా వారసురాలే. "అప్పటికి మామ్మగారు ఉన్నారా?" అన్న ప్రశ్న యోగక్షేమాలు అడిగినట్టే ఉంటుంది, కానీ దాని మీద ఒక వాటా ఆధారపడి ఉంది. వారసుల్లో మైనరు ఎవరైనా ఉంటే కోర్టు అనుమతి సంగతీ చూడాలి. ఇవన్నీ తేలాక తహసీల్దారు కార్యాలయంలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీయిస్తాడు.

దుబాయి కొడుకు రాలేడు. అతని తరఫున సంతకానికి పవరాఫ్ అటార్నీ కావాలి. దాన్ని అక్కడి భారత కాన్సులేటులో అధికారి ఎదుట సంతకం చేసి పంపాలి. పత్రం దేశంలో అడుగుపెట్టిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి. ఆ గడువు గుర్తుపెట్టుకోవడం మధ్యవర్తి బాధ్యతగా తీసుకుంటాడు. అంతకంటే లోతైన విషయం ఆదాయపు పన్ను. 50 లక్షలు, ఆపైన ధర ఉన్న ఆస్తికి కొనేవారు ఒక శాతం పన్ను కోసి కట్టాలన్నది చాలామందికి తెలుసు. అమ్మేవారిలో ఒకరు ప్రవాసి అయితే ఆయన వాటాకు నిబంధన వేరని, 50 లక్షల హద్దు దానికి వర్తించదని తెలిసినవారు తక్కువ. తెలిసిన మధ్యవర్తి బేరానికి ముందే ఇరువైపులవారినీ ఆడిటరు దగ్గరికి పంపుతాడు.

కాగితాలు కుదిరాకే ఇల్లు చూడటం. ఇక్కడ అతను అమ్మకందారుగా కాక కొనేవాడి కళ్లతో చూస్తాడు. సముద్రం దగ్గర కావడంతో ఉప్పుగాలి ముందు ఇనుము మీద పడుతుంది. కిటికీ చువ్వల అడుగు భాగం, శ్లాబు అంచు, సన్‌షేడ్ కింద పెచ్చులూడిన చోటు చూస్తాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్నే తాకింది కాబట్టి, ఆ తర్వాత ఏం బాగుచేయించారో అడుగుతాడు. నీళ్ల సంగతి తప్పనిసరి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల కథ విన్న ఏ కుటుంబమైనా ముందు అడిగేది తాగునీరు ఎక్కడిదనే. బోరు ఎంత లోతు, కుళాయి ఉందా లేదా అన్నవి రాసిపెట్టుకుంటాడు. లోపాన్ని దాచడు. 1882 ఆస్తి బదిలీ చట్టమే, కొనేవాడు మామూలు శ్రద్ధతో కనిపెట్టలేని లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలంటుంది. ముందే చెప్పిన పగులు ధరలో సర్దుకుంటుంది, తర్వాత బయటపడిన పగులు బేరాన్నే చీలుస్తుంది.

ధర కట్టడంలో రెండు అంకెలు పక్కపక్కన నడుస్తాయి: వీధిలో నడుస్తున్న రేటు, ప్రభుత్వ మార్కెట్ విలువ. స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం ఏడున్నర. పత్రంలో రాసిన ధర, ప్రభుత్వ విలువల్లో ఏది ఎక్కువైతే దాని మీదే లెక్క. 40 లక్షలకైతే 3 లక్షలు. ఈ 3 లక్షలు కొనేవాడి జేబులోంచే పోతాయి కాబట్టి, అతను తెచ్చుకోగలిగిన మొత్తంలోంచి వీటిని ముందే తీసేసి, మిగిలినదాని మీదే మధ్యవర్తి బేరం నడుపుతాడు.

కొనేవారిని తీసుకొచ్చే వేళకూ లెక్కుంది. జీడి పంట చేతికొచ్చి డబ్బు ఆడే వేసవి, ఊరికి దూరంగా ఉన్నవాళ్లంతా దిగే సంక్రాంతి మంచి అదను. ఆషాఢంలో చూపించినా మాట ముందుకు నడవదు. వాస్తు పట్టింపున్న కుటుంబానికి వీధిపోటు ఇల్లు చూపించి ఇద్దరి పొద్దూ పాడుచేయడు. పలాస జీడి బట్టీల్లో పప్పు విరగకుండా పెంకు తీసే చెయ్యికే విలువ, ఎందుకంటే గుండు ధర బద్దకు రాదు. బేరం మాట్లాడేటప్పుడు ఇతనికీ అదే ఒడుపు కావాలి. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అంకెలు విసరనివ్వడు. విడివిడిగా మాట్లాడి, ఇద్దరి మధ్య దూరం తక్కువయ్యాకే కలుపుతాడు.

మాట కుదిరితే బయానా, అగ్రిమెంటు. అగ్రిమెంటుతో ఇల్లు కొన్నవాడిది అయిపోదు. నిర్ణీత షరతుల మీద అమ్ముతానన్న ఒప్పందమే అది. కాబట్టి ఆ షరతులు ఎంత స్పష్టంగా ఉంటే అంత మేలు: గడువు, ఆలస్యమైతే ఏమిటి, రుణం రాకపోతే బయానా సంగతి, పాత కరెంటు బిల్లు ఎవరిది. బయానా బ్యాంకు ద్వారానే ఇప్పిస్తాడు. 2015 జూన్ 1 నుంచి స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తమూ జరిమానా పడవచ్చు.

ఈ అమరికంతా తేలేది రిజిస్ట్రేషన్ రోజున. కాశీబుగ్గ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఎదురయ్యే సమస్య చూడటానికి చిన్నదే. డబ్బు అందకుండా సంతకం చేయడం అమ్మేవారికి భయం. సంతకం కాకుండా డబ్బు ఇవ్వడం కొనేవారికి భయం. రెండూ ఒకేసారి జరగాలి. అందుకు ముందురోజే డీడీలు తీయిస్తారు, వాటి నంబర్లు, తేదీలు, బ్యాంకు పేరు దస్తావేజు లేఖరి పత్రంలోనే రాస్తాడు. అసలు డీడీలు మాత్రం కొనేవారి దగ్గరే ఉంటాయి. తల్లి, చిన్నకొడుకు, కూతురు, పెద్దకొడుకు తరఫు ప్రతినిధి వరసగా ఫొటో దిగి, వేలిముద్రలు వేసి, ఆస్తి అమ్మినట్టు అధికారి ఎదుట ఒప్పుకుంటారు. ఇద్దరు సాక్షులు వీరిని గుర్తిస్తారు. ఆ ఒప్పుకోలు పూర్తయ్యే వేళకు డీడీలు చేతులు మారతాయి. ఎవరూ ఎవరినీ గుడ్డిగా నమ్మనక్కర్లేకుండా, ఎవరూ మోసపోకుండా పని జరిగిపోతుంది. చూసేవారికి పది నిమిషాల తంతు. ఆ పది నిమిషాల్లో ఎవరి చెయ్యీ ఆగకుండా ఉండటానికే అంతకుముందు నెలల తరబడి తిరుగుడు.

తాళాలు ఇచ్చాక ఇంకా రెండు పనులుంటాయి: మున్సిపాలిటీలో ఇంటి పన్ను పేరు మార్పు, కరెంటు మీటరు పేరు మార్పు. కమీషన్ చేతికొచ్చాక కూడా వీటికోసం తిరిగేవాడే మళ్లీ ఆ వీధిలో మరో ఇంటికి పిలుపు అందుకుంటాడు. 2016 రెరా చట్టం ఏజెంట్లు రిజిస్టరు కావాలన్నది నమోదైన ప్రాజెక్టుల అమ్మకాలకు. ఇలాంటి పాత ఇంటి బేరం కుదిర్చేవాడికి అది వర్తించదు. అతని గోడకు లైసెన్సు పటం ఉండదు కాబట్టి పనితనాన్ని మనమే పోల్చుకోవాలి. అందుకు దారి అతను అడిగే మొదటి ప్రశ్నే. రేటు దగ్గర మొదలుపెట్టినవాడికి బేరం తెలిసి ఉండవచ్చు. కాగితాల దగ్గర, ఆడపిల్లల దగ్గర మొదలుపెట్టినవాడికి రిజిస్ట్రేషన్ రోజు దాకా ఏది తర్వాత ఏదో తెలుసు. వాళ్లడిగే కమీషన్‌లో పెద్ద తేడా ఉండకపోవచ్చు. ఆ డబ్బుకు మనకు దొరికే పనిలో మాత్రం చాలా తేడా ఉంటుంది.