చూసి వెళ్ళిపోయేవాళ్ళు

రాహుల్ జైన్ తీసిన ‘మెషీన్స్’ (2016) డాక్యుమెంటరీ చివర్లో కార్మికులు గుంపుగా కెమెరా చుట్టూ చేరతారు. మా కష్టం చూశారు సరే, ఏం చెయ్యమంటారో చెప్పండి, చేస్తాం అంటారు. లేకపోతే లీడర్లలాగే మీరూ విని వెళ్ళిపోతారు అని కూడా అంటారు. దర్శకుడి దగ్గర జవాబు లేదు. ఆ నిమిషాన్ని కత్తిరించకుండా ఉంచడమే ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం.

గుజరాత్‌లో సూరత్ దగ్గర ఒక బట్టల మిల్లు. ఒడిశా, బిహార్, యూపీల నుంచి వచ్చిన కూలీలు, పన్నెండు గంటల షిఫ్టులు. సూరత్ మనకీ పరాయి ఊరేం కాదు. కరీంనగర్, వరంగల్ వైపు నుంచి పద్మశాలీలు ఎన్నో ఏళ్ళుగా అక్కడి మగ్గాల మీదికి వలస పోతూనే ఉన్నారు. జైన్‌కి ఆ ఊరు ఇంకో వైపు నుంచి తెలుసు. చిన్నప్పుడు తాతగారి మిల్లులో ఆడుకుంటూ తిరిగినవాడు.

వ్యాఖ్యానం లేదు. మెషీన్ల మోత మధ్య కెమెరా ఇరుకు దారుల్లో నెమ్మదిగా నడుస్తూ పోతుంది. రంగుల్లో మునిగిన చేతులు, నిద్ర ఆపుకోలేక నిలబడ్డచోటే తూలిపోతున్న కుర్రాడు. 2017లో సన్‌డాన్స్‌లో ఛాయాగ్రహణానికి ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఫ్రేములు ఎంత బాగుంటాయంటే, కాసేపటికి ఆ చేతులు ఎవరివో అడగడం మర్చిపోతాం. మనుషులకి పేర్లుండవు. ఆ బట్ట చివరికి ఎవరి ఒంటి మీదికి చేరుతుందో సినిమా వెంబడించదు.

మాటలు తక్కువే గానీ, ఉన్నవి గట్టివి. ఒక కార్మికుడు ఇది దోపిడీ కాదంటాడు. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు, అప్పు చేసి టికెట్ కొనుక్కుని నా ఇష్టంతోనే వచ్చాను అంటాడు. అప్పు, ఇష్టం రెండూ ఒకే వాక్యంలో! యజమాని సీసీటీవీ తెరల ముందు కూర్చుని, కడుపు నిండితే పనివాడికి పని మీద ధ్యాస ఉండదన్నట్టు మాట్లాడతాడు. ఇద్దరినీ జైన్ అడ్డు రాకుండా మాట్లాడనిస్తాడు. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి విన్నాక ఆ ‘ఇష్టం’ ఎలాంటిదో వేరే వివరించక్కర్లేదు.

ఆ చివరి ప్రశ్న జైన్ ఒక్కడికే తగిలేది కాదు. చూసి వెళ్ళిపోవడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళు బట్టల వ్యాపారంలో చాలామందే ఉన్నారు. వాళ్ళని ఆడిటర్లంటారు. 2012 సెప్టెంబర్ 11న కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ కాలిపోయి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకి ఊచలు, తలుపులకి తాళాలు. ఆ ఫ్యాక్టరీకి కార్మిక ప్రమాణాలు బాగున్నాయంటూ ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది కొద్ది వారాల ముందే. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,134 మంది పోయారు. ముందురోజే గోడల్లో పగుళ్ళు కనపడ్డాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. కుట్టుపని వాళ్ళని మాత్రం లోపలికి పంపారు. పగులు అందరికీ కనపడింది. లోపలికి రాం అనే హక్కు మాత్రం వాళ్ళకి లేదు.

రాణా ప్లాజా తర్వాత వచ్చిన బంగ్లాదేశ్ అకార్డ్ తేడా ఇక్కడే. ఇందులో బ్రాండ్లు కార్మిక సంఘాలతో చట్టబద్ధంగా సంతకం పెట్టాయి. మాట తప్పితే సంఘాలు మధ్యవర్తిత్వానికి లాగొచ్చు, లాగాయి కూడా. 2018లో ఒక పెద్ద బ్రాండ్ 23 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. కార్మికుడి ప్రశ్నకి జవాబు చెప్పి తీరాల్సిన వాడు ఒకడు దొరికాడన్నమాట.

అలాంటి జవాబుదారీతనం ఒక సినిమాకి ఉండదు. ఉండాలని అడగడం కూడా అన్యాయమే. కానీ ఆడిట్ రిపోర్టు ఎప్పుడూ రాయని ఒక విషయాన్ని ‘మెషీన్స్’ దాచుకోకుండా చూపించింది: వచ్చినవాణ్ణి పనివాళ్ళు ఏమడిగారో, అతను ఎలా నీళ్ళు నమిలాడో. సినిమా అయ్యాక మన చొక్కా కాలర్ వెనక లేబుల్ తిప్పి చూసుకుంటాం. దాని మీద దేశం పేరుంటుంది, ఉతికే పద్ధతి ఉంటుంది. అది కుట్టినవాళ్ళకి సంఘం ఉందో లేదో మాత్రం ఉండదు.