ఉచిత పాఠంలో ఎవరి వారసత్వం?

చదువు పైసా ఖర్చు లేకుండా ఇంటికే వస్తున్నదని ఇప్పుడు అందరూ అంటున్నారు. 2017 జూలైలో కేంద్ర ప్రభుత్వం 'స్వయం' ప్రారంభించిన తర్వాత వారసత్వం, సంస్కృతి, సమాజం అనే పేర్లతో ఆన్‌లైన్ పాఠాలు వరస కట్టినయి. వినడానికి రుసుం లేదు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. 2021 నాటి యుజిసి నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా ఇట్లా పూర్తి చేసుకోవచ్చు. అంటే ఇవి తీరిక ఉన్నోళ్ల కాలక్షేపం కాదు, డిగ్రీలో భాగం. అందుకే వీటిని విమర్శకు పెట్టవలసి ఉంది.

ఉచితాన్ని మేము తక్కువ చేయడం లేదు. బడి గడప బయట నిలబడి అక్షరం విన్న జనానికి దాని విలువ ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. 1936లో లాహోర్‌లోని జాత్-పాత్-తోడక్ మండల్ అంబేద్కర్‌ని అధ్యక్షోపన్యాసానికి పిలిచింది. రాతప్రతి చూసి బెదిరి సభనే రద్దు చేసుకుంది. ఆయన తన ఖర్చుతో 1500 ప్రతులు అచ్చు వేయించాడు. వేదిక మీద వినబడనివ్వని ఆ 'కుల నిర్మూలన'ను ఇవాళ ఆయన చదువుకున్న కొలంబియా విశ్వవిద్యాలయమే వివరణలతో సహా నెట్‌లో పెట్టింది. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి వేస్తూ వచ్చిన రచనల సంపుటాలూ అక్కడ దొరుకుతున్నయి. ఒక్క సంపుటం కోసం పట్నం పోయి, జిరాక్సు తీసి, ఆ జిరాక్సుకు మళ్లీ జిరాక్సు తీసి చదివిన తరం మాది. ఇది చిన్న మార్పు కాదు. కాకపోతే ఆ వివరణలన్నీ ఇంగ్లీషులో ఉన్నయి. తెలుగు మీడియంలో చదివిన పిల్లకు తాళం తీసిన తలుపే గానీ, గడప మాత్రం ఇంకా ఎత్తుగానే ఉంది.

అసలు పేచీ 'వారసత్వం' అన్న మాట దగ్గర ఉంది. 2020 జాతీయ విద్యా విధానం వచ్చింది. దాని వెంట 'భారతీయ జ్ఞాన వ్యవస్థలు' వచ్చినయి. విద్యార్థి మొత్తం క్రెడిట్లలో కనీసం 5 శాతం వీటికి ఉండాలని 2023లో యుజిసి మార్గదర్శకాలు ఇచ్చింది. జ్ఞానం అనగానే వేదాంగాలు, వాస్తు, ఆయుర్వేదం, గుడి గోపురం ముందు వరసలో కూర్చుంటయి. గిరిజన జ్ఞానం అన్న మాట ఆ విధానంలో ఉన్నది గానీ, లంద ఒడ్డున పుట్టిన జ్ఞానాన్ని ఏ అరలో పెట్టాలో ఎవరికీ తోచదు. పచ్చి తోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుక ఊడదీసి, తంగేడు చెక్కలో కరక్కాయలో ఊరబెట్టి కుళ్లకుండా నిలబెట్టడం రసాయన శాస్త్రం కాదా? మోటబొక్కెన లేని కాలువ కింద కాదు, మోటబొక్కెన ఉన్న బావి కిందనే మెట్ట ఊర్లు తిన్నయి. ఆ బొక్కెన చేసిన చేయిని అంటరానిదన్నారు. అదే నీళ్లతో పండిన బియ్యం మాత్రం అంటుకోలేదు!

చెరియాల పటం సంగతి తీసుకుందాం. పాఠం చెప్పేవాళ్లకు ఇది ఇష్టమైన బొమ్మ. ఖద్దరు గుడ్డ, చింతగింజల అంబలి, సుద్దమట్టి, వెనక ఎర్ర రంగు, గీసేది నకాషీ కుటుంబాలు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఆ పటం గోడకు వేలాడదీయడానికి పుట్టింది కాదు, ముందు పరిచి కథ చెప్పడానికి పుట్టింది. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథ చెప్పి అడుక్కునే ఆశ్రిత కులం వేరు. పద్మశాలీలకు కూనపులోళ్లు, ముదిరాజులకు కాకిపడగలోళ్లు, మాదిగలకు డక్కలోళ్లు. డక్కలాయన పటం విప్పి జాంబపురాణం చెప్తడు. భూమి కంటే ఆరు నెలల ముందు పుట్టినవాడు జాంబవుడు అంటడు. ముఖం నుంచి ఒకడు, పాదం నుంచి ఒకడు పుట్టారన్న కథకు అది నేరుగా ఎదురు కథ. ఈ తగాదాని తీసేసి రంగులు మాత్రమే చెప్తే పటం 'జానపద చిత్రకళ' అయిపోతది. బొమ్మ మిగుల్తది, వాదం పోతది. డప్పుకూ అదే గతి. చిర్ర, చిటికెన పుల్ల, మంట మీద తోలు కాచడం, దరువుల పేర్లు అన్నీ చెప్తారు. చావు డప్పు కొట్టనన్నందుకు ఊరు ఏం చేసిందో చెప్పరు.

పనిలో పనిగా మనవైపు కూడా చూసుకోవాలె. తన పురాణాన్ని మోసే డక్కలోళ్లను మాదిగవాడ కూడా దూరమే పెట్టింది. వాడ బయట దిగి అడుక్కోమన్నది. అగ్రవర్ణాల సిలబస్‌ను తిట్టే మన వ్యాసాలు ఈ సంగతిని దాటేస్తే ఆ సిలబస్‌కూ మనకూ తేడా ఏముంది?

ఇక చెప్పేదెవరు? ఈ పాఠాలకు కెమెరా ముందు కూర్చునేది డిగ్రీ ఉన్న అధ్యాపకుడు. 2022లో యుజిసి 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అని ఒక పద్ధతి తెచ్చింది. డిగ్రీ తప్పనిసరి కాదు, అయితే తన రంగంలో సీనియర్ స్థాయిలో 15 ఏళ్ల అనుభవం ఉండాలె. కిన్నెరకు సీనియర్ స్థాయి ఏది? నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలి కళాకారుడు. సినిమా పాటతో దేశానికి తెలిసిండు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి పోతున్నాడని పేపర్లు రాసినయి. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకూ, బుర్రవీణ దాసరి కొండప్పకూ 2024లో పద్మశ్రీలే ఇచ్చారు. ఢిల్లీలో మెడల్ ఇచ్చినోళ్లు క్లాసురూములో కుర్చీ ఎందుకు వేయరు?

నెట్ అందరికీ ఉందనే మాట కూడా నమ్మదగింది కాదు. 2017-18 జాతీయ నమూనా సర్వే లెక్కల్లో పల్లెల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న కుటుంబాలు 15 శాతం. కంప్యూటర్ ఉన్నవి 4 శాతం చిల్లర. ఆ తర్వాత ఫోన్లు పెరిగినయి, నిజమే. ఇంట్లో ఒక్క ఫోను, అది నాయిన జేబులో. బిడ్డ చేతికి వచ్చేది రాత్రి పదింటికి.

తెలుగు, చరిత్ర, సాంఘిక శాస్త్రం చెప్పే మన అధ్యాపకులు ఢిల్లీ నుంచి పాఠం దిగేదాకా ఆగనక్కర లేదు. చిందోళ్ల ఆట రాత్రంతా నడుస్తది. దాన్ని పది నిమిషాల నమూనాగా కోయకుండా మొత్తం రికార్డు చేయండి. ఆడినోళ్లకు రికార్డింగుకు ముందే కూలి కాదు, పారితోషికం ఇవ్వండి. వాళ్ల పేర్లు, ఊర్లు మొదట వేయండి. వీడియో మీద హక్కు ఎవరిదో కాగితం మీద రాసుకోండి, ఒక ప్రతి వాళ్ల ఇంట్లో ఉంచండి. ఎక్కడ పెట్టాలో, ఎవరికి చూపాలో ఆ మేళం పెద్దనే అడగండి.