దొంగతోనూ పోలీసుతోనూ మాట్లాడిన దంపతులు

స్టువర్టుపురానికి దొంగల ఊరన్న పేరు సినిమాల వల్ల రాలేదు. 1991లో చిరంజీవి ‘స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్’ వచ్చేసరికే ఆ ముద్ర పాతబడిపోయింది. దాన్ని వేసింది 1911 నాటి నేరస్థ తెగల చట్టం. ఫలానా కులంలో పుడితే చాలు, వేలిముద్రలు తీసుకుని రిజిస్టర్లో పేరెక్కించేవారు. అలా పేరెక్కినవాళ్ళు వేళకు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. 1913లో బాపట్ల, చీరాల మధ్య ఎరుకల కుటుంబాలను చేర్చి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ అజమాయిషీలో పెట్టిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో చట్టం రద్దయింది కానీ అనుమానం మాత్రం పోలేదు.

లవణం, హేమలత దంపతులు 1970ల్లో నేరస్థుల సంస్కరణకు దిగింది ఇలాంటి చోటనే. ఆయన నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా, సరస్వతి గోరాల కొడుకు. ఉప్పు సత్యాగ్రహం సాగిన 1930లో పుట్టడంతో ఆ పేరు పెట్టారు. వినోబా భావే భూదాన యాత్రల్లో వెంట నడిచి, ఆయన ప్రసంగాలను తెలుగు చేశారు. ఆమె మహాకవి గుర్రం జాషువా కూతురు. కులం పేరుతో జరిగే అవమానాలు పుట్టింట్లోనే ఎరుగుదురు. 1960లో వీళ్ళ పెళ్ళయింది. అదే ఏడాది మే నెలలో చంబల్ లోయ బందిపోట్లు వినోబా ముందు ఆయుధాలు దించారు. కరడుగట్టినవాడితోనైనా కూర్చుని మాట్లాడవచ్చన్న నమ్మకానికి అది పెద్ద ఊతం.

మాటలతో, అంటే కౌన్సెలింగుతో, దొంగతనం మాన్పించడం ఎలా? నీతిబోధకు అక్కడ పని లేదు. దొంగతనం తప్పని దొంగకూ తెలుసు. అతనికి చూపించాల్సింది లెక్క. దొంగసొత్తు కొనే పెద్దమనిషి ఇచ్చేది అసలు విలువలో ఏ కొంచెమో. అందులోంచే వకీలు ఫీజు, మామూళ్ళు పోవాలి. మగవాడు జైల్లో ఉన్నన్నాళ్ళూ ఇల్లు గడపాల్సింది ఆడమనిషి. ఈ లెక్క ఇల్లాలికి ముందే తెలుసు. అందుకే ఇలాంటి పనిలో జైలు గది ఎంత ముఖ్యమో వంటింటి గడపా అంతే ముఖ్యం.

సరే, ఒకడు మానేశాడు. మర్నాడు పక్క ఊళ్ళో చోరీ జరిగితే పోలీసులు మళ్ళీ అతన్నే పట్టుకెళ్తే? కూలికి పిలిచేవాడు లేకపోతే? మళ్ళీ పాత దారే గతి. కాబట్టి పోలీసులనూ అధికారులనూ కూర్చోబెట్టి మాట్లాడటం, చేతికి పని, పిల్లలకు బడి చూపించడం కూడా కౌన్సెలింగులో భాగమే అయింది. ప్రభుత్వ సహకారం తీసుకున్నది అందుకే.

ఈ దంపతులు సంస్కార్ సంస్థ ద్వారా నిజామాబాద్ జిల్లాలో జోగినీల మధ్య చేసిన పనిలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. దళిత బాలికను దేవత పేరు చెప్పి ఊరికి అప్పగించే ఆచారమే జోగినీ. ఆమెకు పుట్టిన బిడ్డను బడిలో చేర్చబోతే దరఖాస్తులో ‘తండ్రి పేరు’ అన్న గడి ఎదురయ్యేది. తల్లికి ఎంత ధైర్యం చెప్పినా ఆ గడి నిండేది కాదు. దరఖాస్తు పుచ్చుకునే ఉపాధ్యాయుడితో, ఊరి పెద్దలతో, చట్టం చేసేవాళ్ళతో మాట్లాడాల్సి వచ్చేది. ఆ జిల్లాలోని వర్నిలో జోగినీల కోసం ‘చెల్లి నిలయం’ వెలిసింది. 1988లో రాష్ట్రంలో దేవదాసీ, జోగినీ ఆచారాలను నిషేధిస్తూ చట్టం వచ్చింది.

ఇలాంటి సంస్కరణ సంప్రదాయం మీద ఒక ఆక్షేపణ ఉంది. ‘నేరస్థుల సంస్కరణ’ అనగానే లోపం ఆ మనుషుల్లోనే ఉన్నట్టు ధ్వనిస్తుంది కదా, ఊరంతటినీ నేరస్థులని రాసిపెట్టిన ప్రభుత్వాన్ని ఎవరు సంస్కరించాలి? న్యాయమైన ప్రశ్నే. పేరు ఏదైనా ఆ దంపతుల పని మాత్రం ఒక్క పక్షంతో ఆగలేదు.

హేమలత 2008లో, లవణం 2015లో కన్నుమూశారు. ఇప్పుడు పట్నాల్లో కౌన్సెలింగ్ సెంటర్లకు కొదవ లేదు. గంటకింత అని ఫీజు, తలుపు మూసిన గది, ఎదురుగా ఒకే ఒక్క మనిషి. కొన్ని బాధలకు అది సరిపోతుంది. కులం వల్లో, పోలీసు రిజిస్టరు వల్లో వచ్చిన బాధతో ఎవరైనా ఆ గదిలోకి వస్తే మాత్రం కౌన్సెలర్ కూడా లేచి అతనితో పాటు స్టేషనుకో, బడికో, తహసీల్దారు ఆఫీసుకో వెళ్ళాల్సిందే.