బాపు ఏమడుగుతడు?

జట్టుకు అయిదుగురు, స్లైడ్లు పది, మనిషికి రెండు. తొమ్మిదో తరగతి పిల్లలకు ప్రాజెక్టు పని ఇస్తే మొట్టమొదట వేసుకునే లెక్క ఇదే. ఎవరి రెండు స్లైడ్లు వాళ్లు ఇంటికాడ చేసుకొస్తారు. మంచి ఫోన్ ఉన్నవాడు అన్నీ కలిపి, వెనకాల ఒక సినిమా బీజీఎం తగిలిస్తాడు. చూపించే రోజు ఒకరి తర్వాత ఒకరు లేచి, తెర మీది అక్షరాలనే పైకి చదివి, 'థ్యాంక్యూ' అని పక్కకు జరుగుతారు. ఫైలు ఒకటే గానీ, అందులో ఉన్నవి అయిదు వేరువేరు హోంవర్కులు.

నిరంతర సమగ్ర మూల్యాంకనం (సీసీఈ) వచ్చినప్పటి నుంచి ప్రాజెక్టు పనికి 5 మార్కులు ఉన్నాయి. చాలా బడుల్లో ఇప్పుడు గోడకు పెద్ద డిజిటల్ ప్యానెల్ కూడా ఉంది. పిల్లలకు బొమ్మ కదిలించడం, గొంతు రికార్డు చేయడం మనం నేర్పనక్కర్లేదు. నేర్పాల్సింది వేరే ఉంది: ఎదుటి మనిషిని ఒప్పించడం. ఎదుట ఎవరున్నారో తెలియకుండా అది కుదరదు.

అందుకే జమ్మికుంట పిల్లలకు నేనిచ్చే పని ఒక్క వాక్యమే: 'మీ ఇంట్లో ఒకరిని ఒక విషయంలో ఒప్పించండి.' దసరా దాటిందంటే ఈ ఊరి దారులన్నీ పత్తి మార్కెట్ వైపే పోతాయి. తరగతిలో చాలామందివి పత్తి పండించే ఇండ్లు. ఒక జట్టు తేమ శాతాన్ని ఎంచుకుంది. ఒప్పించాల్సింది బాపును, అంటే నాన్నను.

విషయం గట్టిదే. 2025–26 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,110. అది 8 శాతం తేమ ఉన్న పత్తికి. ఆపైన 12 శాతం దాకా, పెరిగే ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం, అంటే సుమారు 81 రూపాయలు భారత పత్తి సంస్థ (సీసీఐ) కోస్తుంది. 12 దాటితే అసలు కొనదు.

పిల్లల మొదటి ప్రదర్శన పేరు 'పత్తిని ఆరబెడదాం, లాభం పొందుదాం'. నెట్‌లో దొరికిన ఫొటోలో యంత్రం పత్తి ఏరుతోంది. మన చేన్లలో ఏరేది కూలి తల్లులు. ఒక రంగుల చార్టు. చివర్లో అసలు అస్త్రం: 12 శాతం తేమతో పది క్వింటాళ్లు అమ్మితే 3,244 రూపాయల నష్టం, కాబట్టి 8 శాతానికి ఆరబెట్టండి. గుణకారం తప్పు లేదు.

ప్రదర్శనకు ముందు ప్రతి జట్టులోనూ ఒకరు ఒప్పించాల్సిన మనిషై కూర్చోవాలి. అది నా తరగతి నియమం. ఆ జట్టులో బాపు అయిన పిల్లగాడు కాలు మీద కాలేసుకొని అంతా విని, ఒకటే అడిగాడు: "ఆరవెడితె తూకం తగ్గదా బిడ్డా?"

ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నోటుబుక్కులు తెరిచారు. పది క్వింటాళ్లు 12 నుంచి 8 శాతానికి ఆరితే పోయేది నీళ్లే, అయినా కాంటా మీద నలభై కిలోలకు పైనే తగ్గుతుంది. ఆ తగ్గిన తూకం విలువ కూడా మూడు వేల పైచిలుకే! కోత ధరలో పడ్డా, తూకంలో పడ్డా దాదాపు ఒకటే. ఆరబోసే కూలి అదనం. రైతుకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు, చేతికే తెలుసు. నిజమైన దెబ్బ 12 దగ్గర ఉంది. ఆ గీత దాటితే మద్దతు ధర తలుపు మూసుకుంటుంది, ప్రైవేటు వ్యాపారి చెప్పిందే రేటు.

దాంతో పిల్లలు తమ మాటను చిన్నది చేసుకున్నారు: '8 దాకా అక్కర లేదు, 12 దాటనియ్యకుండ్రి.' స్లైడ్లు పంచుకోవడం మానేసి బాపు సందేహాలు పంచుకున్నారు. తూకం సంగతి ఒకరికి. ఆరబెట్టే జాగ లేనోళ్లు ఏం చేయాలన్నది ఒకరికి. ఇంటికాడ తేమ తెలిసేదెట్ల అన్నది ఒకరికి. అడ్తిదారు దగ్గర తెచ్చిన అప్పు ఆగదు కదా అన్నది ఒకరికి. 'కపాస్ కిసాన్' యాప్‌లో స్లాట్ దొరికే రోజుకు పత్తి సిద్ధంగా ఉంచడమెట్ల అన్నది ఇంకొకరికి.

అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో నల్ల, తెల్ల, హిస్పానిక్ పిల్లలను అప్పుడే ఒక తరగతిలో కూర్చోబెట్టిన రోజుల్లో, 1971లో, మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ అరాన్సన్ ఇలాంటి దారే పట్టాడు. పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చాడు. ఒకరి ముక్క ఇంకొకరికి తెలియదు కాబట్టి పక్కవాడి మాట వినక తప్పదు. జట్టు అనేది అవసరంలోంచి పుడుతుంది.

సందేహం చేతిలో ఉంటే ఏ మాధ్యమం వాడాలో కూడా తేలిపోతుంది. తేమ ఎట్ల చూస్తారో చెప్పడానికి యార్డులో అడిగి, మీటరు పనిచేస్తుండగా తీసిన చిన్న వీడియో చాలు. తూకానికి తెర నిండా రెండే అంకెలు. పొద్దున మంచుకు ఏరిన పత్తిని విడిగా పెట్టుకోవాలన్న మాటకు తమ ఇంటి డాబా ఫొటో. అప్పు గురించి మాత్రం బొమ్మ వద్దు, అనుభవం ఉన్న ఒక రైతు ఒప్పుకుంటే ఆయన గొంతు. బీజీఎం దానంతటదే పోయింది.

తెర మీది వాక్యాన్నే నోటితో చదివితే వినేవాడికి బరువే తప్ప సాయం కాదని మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాలు చేసి చెప్పాడు. మన చేర్యాల నకాశీ పటాన్నే చూడండి, అందులో కథంతా బొమ్మల్లోనే నడుస్తుంది. పటం విప్పుకుంటూ పోతే, బొమ్మను చూపిస్తూ కథకుడు చెబుతాడు, పక్కవాళ్లు వంత పాడతారు, వాయిస్తారు. ఇంకో సంగతి: పద్మశాలీల ముందు మార్కండేయ పురాణం విప్పేది కూనపులి వాళ్లు, మాదిగల ముందు జాంబపురాణం విప్పేది డక్కలి వాళ్లు. వినేవాళ్లెవరో తేలాకే పటం రాయించేవాళ్లు.

ఒప్పించడమంటే మాయ చేయడమేనని పిల్లలకు ఒక అనుమానం ఉంటుంది. దానికి కారణముంది. వానాకాలం ముందు విత్తన కంపెనీల ప్రచార బండ్లు మైకు పెట్టుకొని, చెట్టు నిండా కాయలున్న బొమ్మలతో ఊరూరా తిరుగుతాయి. అవీ మల్టీమీడియానే. 'ఆ బండి ఏ ప్రశ్నకు ఆగదు?' అని అడిగితే పిల్లలు క్షణంలో జాబితా రాస్తారు: వాన రాకుంటే? గులాబీ పురుగొస్తే? ఆగి జవాబు చెప్పడమే వాళ్ల పనికీ బండి పనికీ తేడా.

అందుకని ఆ 5 మార్కులు నేను మెరుపులకు వేయను. బాపు అడిగిన తర్వాత ప్రదర్శనలో ఏం మారిందో చూసి వేస్తాను. ఏమీ మారని జట్టు ఎంత అందంగా చేసినా దానికి తక్కువే. ఈ పని చేయించే తోటి టీచర్లకు నా సలహా కూడా అదే: ముందుగా ఒక తెల్లకాగితం అడగండి. దాని మీద ఒప్పించాల్సిన మనిషి పేరు, ఆ మనిషి వేసే మూడు ఎదురు ప్రశ్నలు ఉండాలి. ఆ కాగితం చేతికొచ్చేదాకా ఎవరినీ ఫోన్ తీయనివ్వకండి.