నడవలేనివారి గుండెకు పరుగు పరీక్ష

మోకాళ్లు అరిగి నాలుగడుగులు వేయలేని మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కించలేం. పక్షవాతం వచ్చి కాలు ఈడుస్తూ నడిచేవారినీ అంతే. అలాంటివారు ఛాతీ పట్టేసినట్టుంటోందని వస్తే, మామూలు ఎకో తీసి ‘బాగానే ఉంది’ అని పంపేయడానికి నాకు మనసొప్పదు. రక్తనాళం సగానికి పైగా పూడుకున్నా, విశ్రాంతిగా ఉన్నంతసేపూ గుండె చక్కగానే కొట్టుకోవచ్చు. పని పెడితేనే లోటు బయటపడుతుంది.

ఆ పని మందుతో చేయించేదే డోబుటమిన్ స్ట్రెస్ ఎకో. కిలో బరువుకు నిమిషానికి 5 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, మూడేసి నిమిషాలకోసారి 10, 20, 30, చివరికి 40 దాకా పెంచుతాం. 220లోంచి వయసు తీసేసి, మిగిలినదాంట్లో 85 శాతానికి నాడి చేరాలి. 65 ఏళ్లవారికి సుమారు 132. అందుకోకపోతే కాస్త అట్రోపిన్ ఇస్తాం.

లెక్క సులువే, కష్టమంతా చూపులో ఉంది. ఎడమపక్కకు తిరిగి పడుకున్న పేషెంటు పక్కటెముకల సందున ప్రోబ్ ఆనించి, మొదట ఏ కోణంలో బొమ్మ తీశామో, గుండె దడదడలాడుతున్నప్పుడూ అదే కోణం పట్టాలి. గుండె గోడ కదిలితే చాలదు, కొట్టుకున్న ప్రతిసారీ మందమవ్వాలి. రక్తం చాలని గోడను పక్కనున్న మంచి గోడ లాక్కుపోతుంది. కదిలినట్టే కనిపిస్తుంది, మందం మాత్రం పెరగదు. ఈ తేడా కంటికి చిక్కడానికి ఏళ్లు పడుతుంది.

తెర చూస్తూనే మనిషినీ చూడాలి. ‘‘పెద్దమ్మా, ఎలా ఉంది?’’ ‘‘దడగా ఉంది నాయనా, నొప్పయితే లేదు.’’ ఆ మాట విన్నాకే తర్వాతి డోసు. బీపీ బాగా పడిపోయినా, లయ ప్రమాదకరంగా తప్పినా ఆపేస్తాం. ఆపిన రెండు నిమిషాలకల్లా రక్తంలో మందు సగానికి తగ్గుతుంది. అయినా గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ ఇంజెక్షన్ చేతికందేలా ఉండాల్సిందే. తొందరపడే స్వభావం ఉన్నవాళ్లు ఈ పని చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

గుండెపోటు తర్వాత కదలిక తగ్గిన గోడ ఒక్కోసారి తక్కువ డోసులో కాస్త పుంజుకుని, ఎక్కువ డోసులో మళ్లీ చతికిలబడుతుంది. అది చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. ఆ కండరం చచ్చిపోలేదు, రక్తం అందక నీరసించిందంతే. స్టెంటో బైపాసో చేస్తే కోలుకునే ఆశ ఉంది.

ఈ పరీక్షకు వెళ్లేవారికి ఓ విన్నపం. బీటా బ్లాకర్ మాత్రలు ఎప్పుడు ఆపాలో డాక్టరునే అడగండి, సొంతంగా మానేయకండి. దీనికి బదులు అడినోసిన్ అనే మందుతో చేసే గుండె స్కాన్ అయితే ముందురోజు నుంచే కాఫీ, టీ మానండి. ఉబ్బసం ఉంటే తప్పక చెప్పండి. వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట తెచ్చుకోండి.