కనబడని చోట గొడ్డలి పని

2019 ఏప్రిల్ 15, సోమవారం. ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారం అప్పుడే మొదలైంది. ఆ సాయంత్రం పారిస్‌లో నోత్రదామ్ కెథడ్రల్ పైకప్పు అంటుకుంది. అక్కడ ఇంకా వెలుతురుండగానే, మనకు రాత్రి పదకొండు దాటాక, శిఖరం నడిమికి విరిగి మంటల్లోకి ఒరిగిపోయింది. సెన్ నది గట్టున నిలబడ్డ జనం మరియమ్మను తలుచుకుని పాడుతున్నారు. తెల్లవార్లూ టీవీలు అదే చూపించాయి.

గోడలు నిలిచాయి, రెండు గంట గోపురాలూ దక్కాయి, పెద్ద గులాబీ కిటికీల అద్దాలు మిగిలాయి. పోయింది ముఖ్యంగా కర్ర. లోపలికెళ్లి తలెత్తి చూసిన యాత్రికుడికి కనిపించేది రాతి కమానుల కప్పు. దానికీ, పైన పరిచిన సీసపు రేకులకూ మధ్య పది మీటర్ల ఎత్తున, వంద మీటర్లకు పైబడిన పొడవున ఓక్ దూలాల చట్రం ఉండేది. ఎక్కువ భాగం 13వ శతాబ్దం నాటిది. దూలాలు అంత దట్టంగా ఉండబట్టి అక్కడివాళ్లు దాన్ని ‘అడవి’ అనేవారు. శిఖరం మాత్రం అంత పాతది కాదు. 1859లో వియొలే-ల-ద్యుక్ అనే వాస్తుశిల్పి లేపింది. అందులో 500 టన్నుల కర్ర, 250 టన్నుల సీసం. శిఖరం పాదం చుట్టూ ఉండే పదహారు రాగి విగ్రహాలను మరమ్మతు కోసం సరిగ్గా నాలుగు రోజుల ముందే కిందికి దించారు. అవి బతికిపోయాయి. మంట ఎలా పుట్టిందో మాత్రం ఈ రోజుకూ ఖాయంగా తేలలేదు.

మా నాన్న వడ్రంగి. అందుకేనేమో, ఆ వారమంతా అందరూ గోతిక్ కళ గురించీ, ఈ కెథడ్రల్ చుట్టూ అల్లిన విక్టర్ హ్యూగో నవల గురించీ మాట్లాడుతుంటే నా మనసు దూలాల మీదే ఉంది. అంత కర్రను మళ్లీ ఎవరు చెక్కుతారు? చెక్కడం వచ్చినవాళ్లు మిగిలారా?

నిజానికి చెక్కాల్సిన పనే లేదు. ఫ్రాన్స్‌లోనే షార్త్ర్ కెథడ్రల్ పైకప్పు 1836లో కాలిపోతే ఇనుముతో కట్టుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో రాంస్ కెథడ్రల్ కాలితే ఆంరీ దెనో అనే ఆయన సిమెంటు కాంక్రీటు ముక్కలు పోతపోసి, వాటిని కూర్చి చట్రం నిలబెట్టాడు. రెండూ ఇప్పటికీ దిట్టంగా ఉన్నాయి. కింద నిలబడి ప్రార్థన చేసుకునేవాడికి పైన ఇనుముందో కర్రుందో ఎలాగూ కనబడదు. నోత్రదామ్‌కూ అలాంటి సలహాలు చాలానే వచ్చాయి. కొత్త శిఖరం కోసం అంతర్జాతీయ పోటీ పెడతామని అప్పటి ప్రధాని ప్రకటించాడు కూడా. కెథడ్రల్ ప్రధాన వాస్తుశిల్పి ఫిలిప్ విల్‌నవ్ మాత్రం ఆధునిక శిఖరమే కావాలంటే తాను తప్పుకుంటానన్నాడు. పాత శిఖరాన్ని చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్న మనిషి, ఇంకేమంటాడు! పునర్నిర్మాణ బాధ్యత మోస్తున్న సైనిక జనరల్ జోర్జెలాఁ అందరి ముందూ ఆయన్ని నోరు మూసుకోమన్నాడు. చివరికి 2020 జులైలో గెలిచింది విల్‌నవ్ మాటే. ఉన్నది ఉన్నట్టే కట్టాలని నిర్ణయమైంది.

‘ఉన్నది ఉన్నట్టే’ అనగలగాలంటే ఏముండేదో ముందు తెలిసుండాలి. ఇందులో నన్ను బాగా పట్టుకున్న సంగతి ఇది. 2014లో రెమీ ఫ్రొమాఁ, సెద్రిక్ త్రాంత్‌సో అనే ఇద్దరు వాస్తుశిల్పులు తమ చదువులో భాగంగా ఆ పైకప్పులోకెక్కి చట్రాన్ని కొలిచి బొమ్మలు గీశారు. మంటల కోసం గీసింది కాదు, పట్టా కోసం గీసింది. ఆండ్రూ టాలన్ అనే అమెరికన్ ఆచార్యుడు అంతకుముందే కట్టడమంతటినీ లేజర్‌తో కొలిచి పెట్టాడు. ఆయన 2018లోనే కన్నుమూశాడు, మంటలు చూడలేదు. అడవి బూడిదయ్యాక మిగిలింది ఈ కొలతలే. ఫ్రొమాఁ ఆ తర్వాత పునర్నిర్మాణ వాస్తుశిల్పుల్లో ఒకడయ్యాడు.

ఇక కర్ర. అడవుల యజమానులు దేశం నలుమూలల నుంచీ ఓక్ చెట్లు దానమిచ్చారు. మొత్తం మీద రెండు వేలకు తగ్గలేదు. వసంతంలో చెట్టుకు నీరెక్కక ముందే, మార్చి దాటకుండా నరికారు. శిఖరం 19వ శతాబ్దపు పని కాబట్టి దాని కర్రను రంపపు మిల్లులో కోయించి ఆరబెట్టారు. మధ్యయుగపు చట్రం వంతు వచ్చేసరికి మాత్రం ఒక్కో చెట్టునూ ఒక్కో దూలంగా, గొడ్డళ్లతో, పచ్చిగా ఉండగానే చెక్కారు. ఆ గొడ్డళ్లను అల్సాస్‌లో ఒక కమ్మరి కొలిమిలో ప్రత్యేకంగా చేయించారు, ఓ అరవై దాకా. పనివాళ్లలో కొందరు గెదెలాఁ అనే చోట 1997 నుంచీ పాత పద్ధతిలోనే కోట కడుతూ చెయ్యి తిరిగినవాళ్లు.

పచ్చి కర్ర సంగతి చెబితే మా నాన్న నవ్వాడు. “పచ్చి కర్రతో ఇల్లు కడతార్రా ఎవడైనా? వంకర తిరిగి చస్తుంది” అన్నాడు. ఆయన చేతిలో టేకు ఆరిందాకా తలుపు కాదు. ఫోన్లో వీడియో చూపించాను. దుంగ మీద సున్నపు తాడు కొట్టి, పక్కన నిలబడి, గొడ్డలితో పొర పొరగా చీల్చుతున్నారు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “తలుపుకైతే పనికిరాదు. దూలానికి పర్లేదు. చెక్క సీల కొడుతున్నారుగా, ఆరేకొద్దీ అతుకు బిగుసుకుంటుంది. పైగా గొడ్డలి నార వెంబడే పోతుంది. రంపం అయితే నారను తెంపేస్తుంది.” అక్కడి వడ్రంగులు చెప్పే కారణమూ అదే. చెట్టు కొంచెం వంగి ఉంటే దూలమూ కొంచెం వంగి ఉంటుంది, బలం మాత్రం చెక్కుచెదరదు.

ఈ పనికి ఖర్చు మాటేమిటని అడిగేవాళ్లున్నారు, అడగాలి కూడా. 150 దేశాల నుంచి సుమారు 3 లక్షల 40 వేల మంది దాతలు 84 కోట్ల 60 లక్షల యూరోలిచ్చారు. మంటలింకా చల్లారకుండానే కుబేరులు పదేసి కోట్ల యూరోలు ప్రకటిస్తుంటే, పల్లెల్లో వానకు నానుతున్న చర్చీలను ఎవరూ పట్టించుకోరేమని ఫ్రాన్స్‌లోనే గొణుగుడు మొదలైంది. న్యాయమైన గొణుగుడే. పైకప్పుకు మళ్లీ సీసమే వేయడం నాకూ నచ్చలేదు. కాలినప్పుడు సీసపు ధూళి చుట్టుపక్కల పడి, 2019 వేసవిలో పనే ఆపాల్సి వచ్చింది. కెథడ్రల్‌లోని ఎనిమిది వేల గొట్టాల ఆర్గాన్ వాద్యాన్ని ఊడదీసి ఆ ధూళే కడిగారు. పాతదనం పేరుతో విషాన్ని కూడా తిరిగి తెచ్చుకోనక్కర్లేదు.

గొడ్డలి విషయంలో మాత్రం నేను వాళ్ల పక్షమే. ఏ పనీ లేకపోతే పనివాడి చెయ్యి మరిచిపోతుంది. మా నాన్న తరంలో దూలం చెక్కడం వచ్చినవాళ్లు ఆయన కళ్లముందే ప్లైవుడ్ కోసేవాళ్లుగా మారారు. కాంక్రీటు పోస్తే చట్రం వచ్చేది, యువ వడ్రంగులకు మాత్రం ఈ విద్య దక్కేది కాదు. మొండితనమేమీ లేదు అందులో. అవసరమైన చోట కొత్త ఏర్పాట్లూ చేసుకున్నారు. పైకప్పు లోపల ఇప్పుడు పొగమంచులా నీళ్లు చిమ్మే గొట్టాలున్నాయి, మంట పాకకుండా అడ్డుగోడలున్నాయి.

2024 మార్చికల్లా చట్రం పూర్తయింది. ఆ ఏడాది డిసెంబరు 7న తలుపులు తెరిచారు. ఐదేళ్ల గడువు అందుకోవాలని అందరినీ పరుగెత్తించిన జోర్జెలాఁ అది చూడలేదు. 2023 ఆగస్టులో కొండలెక్కుతూ ప్రమాదంలో పోయాడు. శిఖరం కొసన నిలిపిన కొత్త బంగారు కోడిపుంజు లోపల, పనిచేసిన దాదాపు రెండు వేల మంది పేర్లు రాసి పెట్టారు.

మనకూ ఇలాంటిది తెలియని సంగతి కాదు. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయింది. 2021 ఫిబ్రవరిలో టేకుతో కొత్త రథం కదిలింది. రథమంటే మళ్లీ చేయించే దిక్కుంది. కోనసీమలో మండువా లోగిళ్లను దూలం లెక్కన అమ్ముకుంటున్నారు, వాటికి మంటలు కూడా అక్కర్లేదు. ఇల్లు ఉంచుకోమని ఎవరికీ చెప్పలేను, ఎవరి కష్టం వాళ్లది. మీ ఊళ్లో అలాంటి ఇల్లొకటి విప్పుతున్నారని తెలిస్తే మాత్రం ఒక్క పూట టేపు పట్టుకుని వెళ్లండి. దూలాల పొడవు, మందం, అతుకులున్న చోట్లు రాసుకోండి, ఫొటోలు తీయండి. ఊళ్లో పాత వడ్రంగి ఎవరైనా ఉంటే ఆయన్నీ వెంట తీసుకెళ్లి, ఏ అతుకు ఎందుకలా వేశారో అడిగి రాసిపెట్టండి.